రాలిపోయిన సున్నా

కొన్నేళ్ల కిందట ఒక సంస్థ సరఫరాదారుల జాబితాను శుభ్రం చేసే పని నా చేతికొచ్చింది. వేల వరసలున్న ఎక్సెల్ షీటు అది. చూసుకుంటూ వెళ్తూ ఒక వరస దగ్గర ఆగిపోయాను. కంపెనీ పేరుంది. వీధి గడిలో "1 రాఫెల్స్" అని సగం మాట మాత్రమే ఉంది. ఎనిమిదంకెల ఫోన్ నంబరు ఉంది కానీ ముందు దేశం కోడ్ లేదు. దేశం గడి ఖాళీ. పోస్టల్ కోడ్ గడిలో 48616.

ఈ వరస కథ అర్థం కావాలంటే మీరూ ఒక చిన్న ప్రయోగం చేయాలి. ఎక్సెల్ తెరిచి ఏదో ఒక గడిలో 048616 కొట్టి ఎంటర్ నొక్కండి. మొదటి సున్నా మాయమై 48616 మిగులుతుంది. లెక్కల దృష్టిలో తప్పేమీ జరగలేదు. సంఖ్యకు ఎడమ పక్కనుండే సున్నాకు విలువ లేదని రెండో తరగతి పిల్లలకూ తెలుసు. కానీ మీరు కొట్టింది లెక్క కాదు, చిరునామా. 048616 అంటే సింగపూర్ వ్యాపార కేంద్రమైన రాఫెల్స్ ప్లేస్‌లోని "వన్ రాఫెల్స్ ప్లేస్" అనే భవనం. 48616 అంటే అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని చెసానింగ్ అనే చిన్న ఊరు. పక్కనున్న మలేసియాలో పోస్టుకోడ్‌లకు ఐదంకెలే ఉంటాయి, 48తో మొదలయ్యేవి సెలంగోర్ రాష్ట్రంలోని రవాంగ్ ప్రాంతానివి. అంటే సున్నా రాలిన ఆ సంఖ్య చూడ్డానికి చెడిపోయినట్టు కనిపించదు. ఇంకో దేశంలో చక్కగా చెల్లిపోతుంది. డేటాలో నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఇలాంటి తప్పుకే.

రాఫెల్స్ ప్లేస్ భవనాల కోడ్‌లన్నీ 04తోనే మొదలవుతాయి. ప్రపంచంలోని పెద్ద బ్యాంకులు, న్యాయ సంస్థలు, నౌకా వ్యాపార సంస్థలు, బీమా కంపెనీల చిరునామాలు ఎన్నో ఇక్కడివే. అవన్నీ ఏదో ఒక రోజు ఎవరో ఒకరి ఎక్సెల్ షీటులోకి దిగుతాయి. అక్కడి నుంచి పదిమంది కలిసి వాడుకునే ఉమ్మడి డైరెక్టరీలోకి ఎక్కుతాయి.

సంస్థ తన లావాదేవీలన్నిటికీ ఆధారంగా పెట్టుకునే మూల సమాచారాన్ని ఈ రంగంలో మాస్టర్ డేటా అంటారు. ఎవరికి డబ్బు పంపాలి, సరుకు ఎక్కడ దించాలి, నోటీసు ఏ గుమ్మానికి అంటించాలి అన్నవన్నీ దాని మీద నడుస్తాయి. ఇది నాసిరకమైతే ఎలా ఉంటుందో చూడ్డానికి రాఫెల్స్ ప్లేస్‌ను మించిన చోటు నాకు తెలియదు. కారణం ఆ చోటు చరిత్రలోనే ఉంది.

1822లో బ్రిటిష్ అధికారి స్టామ్‌ఫర్డ్ రాఫెల్స్ పట్టణానికి ప్లాను వేయించినప్పుడు సింగపూర్ నది దక్షిణపు ఒడ్డు చిత్తడి నేల. దగ్గర్లోని చిన్న గుట్టను తవ్వి ఆ మట్టితో చిత్తడిని పూడ్చారు. పూడ్చిన ఒడ్డు బోట్ క్వే అయింది, గుట్ట పోయి చదునైన చోటు కమర్షియల్ స్క్వేర్ అయింది. 1858లో దానికి రాఫెల్స్ ప్లేస్ అని పేరు పెట్టారు. అంటే ఈ చోటుకు సంబంధించిన మొట్టమొదటి మార్పు నేల మీద జరిగితే రెండోది పేరు మీద జరిగింది. ఆ తర్వాత మార్పులు ఆగనే లేదు. పెద్ద దుకాణమైన రాబిన్సన్స్ 1972 నవంబరు 21న ఇక్కడే తగలబడింది, మనుషులు చనిపోయారు. ఆ వ్యాపారం తర్వాత ఆర్చర్డ్ రోడ్డుకు వెళ్లిపోయింది. జాన్ లిటిల్ అనే మరో పాత దుకాణం ముఖద్వారాన్ని పోలిన కట్టడం ఇప్పుడు మెట్రో స్టేషన్‌కు ప్రవేశద్వారంగా ఉంది. ఆ స్టేషన్ 1987 డిసెంబరులో తెరిచారు. దుకాణం లేదు, దాని ముఖం మాత్రం ఉంది. డైరెక్టరీలలో పాత పద్దులు సరిగ్గా ఇలాగే మిగిలిపోతాయి.

ఇక రాఫెల్స్ అన్న పేరు సంగతి. మన ఊళ్లలో రామాలయం వీధి ఎంత సాధారణమో సింగపూర్‌లో రాఫెల్స్ అంత సాధారణం. 1 రాఫెల్స్ ప్లేస్ ఒకటుంది. అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో 1 రాఫెల్స్ క్వే ఉంది. సిటీ హాల్ వైపు వెళ్తే 1 రాఫెల్స్ లింక్. ఇంకాస్త ముందుకు వెళ్తే 1 రాఫెల్స్ బొలెవార్డ్, అది సన్‌టెక్ సమావేశ కేంద్రం. నాలుగూ నాలుగు వేర్వేరు చోట్లు, నాలుగింటికీ నంబరు ఒకటే. పైగా వన్ రాఫెల్స్ ప్లేస్‌లో రెండు టవర్లు, వన్ రాఫెల్స్ క్వేలో ఉత్తర, దక్షిణ టవర్లు. "1 రాఫెల్స్" అని సగంలో ఆపేసిన నా వరసలోని మనిషి ఇందులో ఏ లిఫ్టు ఎక్కుతాడో చెప్పడం ఎలా?

దీనికి సింగపూర్ కనిపెట్టిన పరిష్కారం నిజంగా గొప్పది. 1995 సెప్టెంబరు 1 నుంచి అక్కడ ఆరంకెల పోస్టల్ కోడ్ అమల్లోకి వచ్చింది. మొదటి రెండంకెలు ప్రాంతాన్ని, తర్వాతి నాలుగు ఆ ప్రాంతంలో ఉత్తరం చేరాల్సిన చోటును చెబుతాయి. దాదాపుగా ఒక భవనానికి ఒక కోడ్. మన పిన్‌కోడ్‌కూ ఆరంకెలే. 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చిన ఆ పద్ధతిలో ఒక కోడ్ అంటే ఒక పోస్టాఫీసు, దాని కింద వీధులు, పేటలు, ఒక్కోసారి పది ఊళ్లు. 500001 అంటే హైదరాబాద్ జీపీవో పరిధి మొత్తం. 048616 అంటే ఒక్క భవనం. గడి పేరు ఒకటే, అంకెలు ఆరే, అర్థం మాత్రం పూర్తిగా వేరు. రెండు దేశాల పద్దులను ఒకే డైరెక్టరీలో పోసే ప్రోగ్రామర్ ఈ తేడా గుర్తించకపోతే, "ఒకే కోడ్ అయితే ఒకే చోటు" అన్న సూత్రం సింగపూర్‌లో దాదాపు నిజమవుతుంది, హైదరాబాద్‌లో ఘోరంగా తప్పుతుంది. జూబ్లీహిల్స్‌లో పిన్‌కోడ్ మాట అటుంచి, ఇంటి నంబర్లే చాలావరకు 8-2-293/82 అని మొదలై, ఆ వెనక చేరే అక్షరాలతో, అంకెలతో విడిపోతాయి. తోక తెగితే ఇల్లు దొరకదు.

సింగపూర్ కోడ్‌లోనూ ఒక లోపముంది. వన్ రాఫెల్స్ ప్లేస్ 048616. అదే చౌకులో ఉన్న రిపబ్లిక్ ప్లాజా 048619. చివరి 6 తలకిందులైతే 9. సింగపూర్ ల్యాండ్ టవర్ 048623, యుఓబీ ప్లాజా 048624. ఒక్క వేలు పక్క మీటను తాకితే చాలు, ఉత్తరం పక్క భవనానికి పోతుంది. కంప్యూటర్ అడ్డుచెప్పదు, ఎందుకంటే తప్పు కోడ్ కూడా నిజమైన కోడే.

సమాచార శాస్త్రంలో ఇది చాలా లోతైన విషయం. ఒక సంకేతంలో ప్రతి కలయికకూ అర్థం ఉంటే, ఏ తప్పునూ అది పట్టుకోలేదు. తప్పు బయటపడాలంటే కొన్ని కలయికలను కావాలని ఖాళీగా, అర్థం లేకుండా వదిలేయాలి. పొలంలో గట్టు కోసం కొంత నేల వదులుకున్నట్టు. తనిఖీ అంకె చేసే పని అదే. సరుకుల మీద బార్‌కోడ్‌లు నిర్వహించే జీఎస్1 సంస్థ చోట్లకు కూడా ఒక సంఖ్య ఇస్తుంది. దాన్ని జీఎల్ఎన్ అంటారు. మొత్తం 13 అంకెలు. సింగపూర్‌లో ఇచ్చేవి 888తోనూ మన దేశంలో ఇచ్చేవి 890తోనూ మొదలవుతాయి. మొదటి 12 అంకెలను ఎడమ నుంచి వరసగా ఒకదాన్ని 1తో, తర్వాతి దాన్ని 3తో గుణించుకుంటూ అన్నీ కూడుతారు. ఆ మొత్తం పై పదికి చేరడానికి ఎంత తక్కువైందో అదే పదమూడో అంకె. ఏ ఒక్క అంకె తప్పు కొట్టినా లెక్క కుదరదు, యంత్రం అక్కడికక్కడే వద్దంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే కూడా చాలావరకు పట్టుకుంటుంది. వాటి మధ్య తేడా సరిగ్గా 5 అయితే మాత్రం దొరకదు.

అయితే తనిఖీ అంకెకు తెలిసింది సంఖ్య సరిగ్గా రాశారా లేదా అన్నది మాత్రమే. ఆ సంఖ్య ఉన్న గుమ్మం వెనక ఇవాళ ఎవరున్నారో దానికి తెలియదు. రూపం సరైనదా, అలాంటిది ఎక్కడైనా ఉందా, ఉంటే ఇది ఆ మనిషిదేనా, ఇప్పటికీ ఆ మనిషిదేనా. ఈ నాలుగూ వేర్వేరు ప్రశ్నలు. చాలా సంస్థలు మొదటి ప్రశ్నకు జవాబు రాగానే నాలుగింటికీ వచ్చిందని సంతృప్తి పడతాయి. పనిచేసిన చోటల్లా నేను పోట్లాడింది దీని గురించే.

ఇప్పుడు రెండు పద్దులు ఒకే చోటును చెబుతున్నాయా అని యంత్రం ఎలా తేల్చుకుంటుందో చూద్దాం. వ్లదీమిర్ లెవన్‌స్టైన్ అనే రష్యన్ గణితవేత్త 1965లో ఒక కొలత ఇచ్చాడు. ఒక మాటను రెండో మాటగా మార్చడానికి కనీసం ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసేయాలి, మార్చాలి? ఆ సంఖ్యే రెండు మాటల మధ్య దూరం. ఇంగ్లీషు స్పెల్లింగులో రాసిన ప్లేస్ అన్న మాటకు ఒక అక్షరం చేరిస్తే ప్యాలెస్ అవుతుంది, దూరం 1. రాసినవాడు పొరపాటు పడ్డాడని ఇట్టే తెలుస్తుంది. ఇంతవరకు బాగుంది. ఇప్పుడు "1 రాఫెల్స్ ప్లేస్" అని అంకెతో రాసిన చిరునామానూ, "వన్ రాఫెల్స్ ప్లేస్" అని ఇంగ్లీషు అక్షరాలతో రాసినదాన్నీ పోల్చండి. దూరం 3. రెండూ ఒకే భవనం. "1 రాఫెల్స్ ప్లేస్", "9 రాఫెల్స్ ప్లేస్" పోల్చండి. దూరం 1. రెండూ వేర్వేరు భవనాలు, రెండోది రిపబ్లిక్ ప్లాజా. దగ్గరగా కనిపించేవి దూరం, దూరంగా కనిపించేవి ఒకటే. అక్షరాలను లెక్కపెట్టే యంత్రం ఇక్కడ బోల్తా పడుతుంది. చిరునామాలో అన్ని అక్షరాలూ ఒకే బరువు మోయవు మరి.

బరువుల సంగతి సరిగ్గా చెప్పినవాళ్లు కెనడా గణాంక శాఖలో పనిచేసిన ఇవాన్ ఫెల్లెగీ, అలన్ సంటర్. 1969లో వాళ్లు రాసిన సిద్ధాంతం ఇవాళ్టికీ పద్దులు కలిపే పనికి పునాది. సారం ఇది. రెండు పద్దులు ఒక విషయంలో ఏకీభవించాయంటే, ఆ ఏకీభావం యాదృచ్ఛికంగా జరిగే అవకాశం ఎంత అని ముందు అడగాలి. అవకాశం ఎక్కువైతే ఆ సాక్ష్యం తేలిక, తక్కువైతే బరువు. మన భాషలో చెప్పుకుంటే, రెండు బిల్లుల మీదా "శ్రీ వెంకటేశ్వర కిరాణా" అని ఉన్నంత మాత్రాన అవి ఒకే కొట్టువని గుంటూరులో ఎవరూ అనుకోరు. అదే ఎక్కడా వినని ఇంటిపేరు రెండు బిల్లుల మీదా కనిపిస్తే ఒకరే అయి ఉంటారని అనిపిస్తుంది. మనం తెలియకుండానే చేసే ఈ పనిని వాళ్లు గణితంగా మార్చారు. సింగపూర్ డైరెక్టరీలో రాఫెల్స్ అన్న మాట వెంకటేశ్వర లాంటిది. పదహారో అంతస్తులో ఇరవయ్యో గది అన్న వివరం అరుదైన ఇంటిపేరు లాంటిది.

ఈ పద్ధతిలో రెండు గీతలు గీయాలి. పై గీతకు పైనున్నవాటిని కలిపేస్తారు, కింది గీతకు కిందున్నవాటిని విడిగా ఉంచుతారు, మధ్యలో మిగిలినవి మనిషి చూడాలి. ఆ మధ్య భాగాన్ని చూడ్డానికి మనుషుల్ని పెట్టడం ఖర్చని దాన్ని కుదించేయడం మామూలుగా జరుగుతుంది. ఇది పెద్ద తప్పని నా గట్టి అభిప్రాయం. కలపకుండా వదిలేసిన రెండు పద్దుల్ని రేపు కలపొచ్చు. పొరపాటున కలిపేసిన రెండు కంపెనీల బిల్లులు, బ్యాంకు ఖాతాలు, బాకీలు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయాక పాలనూ నీళ్లనూ వేరు చేయడానికి పురాణాల్లోని హంస కావాలి.

కాలం చేసే చెరుపు వేరు. ఇప్పటి వన్ రాఫెల్స్ ప్లేస్‌లోని పెద్ద టవర్ కెంజో టాంగే రూపకల్పన. 1986లో పూర్తయినప్పుడు దాని పేరు ఓయుబీ సెంటర్. ఓవర్సీస్ యూనియన్ బ్యాంకు పేరు అది. 2001లో ఆ బ్యాంకును యునైటెడ్ ఓవర్సీస్ బ్యాంకు కొనేసింది. తర్వాత భవనం పేరూ మారింది. 30 రాఫెల్స్ ప్లేస్‌లోని భవనం కాల్టెక్స్ హౌస్‌గా ఉండి షెవ్రాన్ హౌస్ అయింది. గోడలు అవే, లిఫ్టులు అక్కడే. డైరెక్టరీలో మాత్రం పాత పేరుతో ఒకటి, కొత్త పేరుతో ఒకటి పద్దులు పక్కపక్కన బతుకుతుంటాయి.

తెలుగువాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2న హైదరాబాద్ ఒక్క అంగుళం కదలలేదు, దాని చిరునామా కదిలింది. కదలని ఊరికి మారిన చిరునామా ఎలా ఉంటుందో చూడాలంటే చింతూరును మించిన ఉదాహరణ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో అది ఖమ్మం జిల్లా. 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి తూర్పు గోదావరి జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఎనిమిదేళ్లలో మూడు జిల్లాలు. 507తో మొదలయ్యే పిన్‌కోడ్ ఖమ్మం నాటిది. పిన్‌కోడ్ మొదటి రెండంకెల్ని బట్టి రాష్ట్రాన్ని ఊహించే సాఫ్ట్‌వేర్ 50 కనబడగానే తెలంగాణ అంటుంది. చింతూరులో కొట్టు పెట్టుకున్న మనిషి తన రాష్ట్రం ఏదో యంత్రానికి నచ్చజెప్పుకోవాలి.

జీఎస్టీలోనూ ఈ విభజన గీత కనిపిస్తుంది. తెలంగాణ కోడ్ 36, ఆంధ్రప్రదేశ్ కోడ్ 37. ఉమ్మడి రాష్ట్రానికి ఉన్న 28 పాత పద్దుల్లో మిగిలిపోయింది. కంపెనీలకు కేంద్రం ఇచ్చే 21 అక్షరాల గుర్తింపు సంఖ్య సీఐఎన్ మధ్యలో రాష్ట్రం అక్షరాలు ఉంటాయి. హైదరాబాద్ కంపెనీలకు అక్కడ ఏపీ పోయి టీజీ వచ్చింది. గుర్తింపు సంఖ్యే మారిపోతే, పాత సంఖ్యతో దాచుకున్న ఒప్పందాలకూ కొత్త సంఖ్యకూ లంకె ఎవరు కలపాలి? అందుకే ఈ రంగంలో అనుభవమున్నవాళ్లు ఒక మాట పదేపదే చెబుతారు, గుర్తింపు సంఖ్యలో అర్థం పెట్టకండి అని. ఊరు మారుతుంది, వ్యాపారం మారుతుంది, రాష్ట్రమే మారుతుంది. సంఖ్య మూగదైతే దాన్ని మార్చాల్సిన పని ఉండదు.

సింగపూర్ ఈ విషయంలో జాగ్రత్తపడింది. 2009 జనవరి 1 నుంచి అక్కడ ప్రతి సంస్థకూ యూఈఎన్ అని ఒకే సంఖ్య. అంతకు ముందు ఒక్కో ప్రభుత్వ శాఖ దగ్గర ఒక్కో నంబరు ఉండేది. యూఈఎన్ తొమ్మిది లేదా పది అక్షరాలది, చివర తనిఖీ అక్షరం ఉంటుంది. స్థానిక కంపెనీల సంఖ్యలో నమోదైన సంవత్సరం ఉంటుంది. అది అర్థమే కదా అనిపించొచ్చు. కానీ పుట్టిన సంవత్సరం ఎన్నటికీ మారదు. చిరునామాను మాత్రం అందులో ఇరికించలేదు. 2018లో కంపెనీలకు పేనౌ వచ్చినప్పుడు డబ్బు పంపడానికీ, 2019 జనవరిలో ఇన్వాయిస్‌నౌ మొదలైనప్పుడు బిల్లులు పంపడానికీ ఈ సంఖ్యే ఆధారమైంది. ఆఫీసు రాఫెల్స్ ప్లేస్ నుంచి ఇంకెక్కడికో మారినా బిల్లు దారి తప్పదు.

అలాగని చోటు అక్కర్లేకుండా పోదు. సింగపూర్ కంపెనీల చట్టం ప్రకారం ప్రతి కంపెనీకీ దేశంలో నమోదైన కార్యాలయం ఉండాలి. పోస్టుబాక్సు చెల్లదు. పని రోజుల్లో కనీసం మూడు గంటలు జనానికి తెరిచి ఉండాలి. మారితే 14 రోజుల్లో తెలపాలి. చిన్న కంపెనీలు చాలావరకు కంపెనీ సెక్రటరీ సేవలిచ్చే సంస్థ గదినే నమోదు చిరునామాగా ఇచ్చుకుంటాయి. ఇది చట్టబద్ధమే. దాంతో ఒకే గది నంబరు మీద ఎన్నో కంపెనీలు వేలాడతాయి. ఇటు ఒకే బ్యాంకు ఐదారు భవనాల్లో ఉంటుంది. "చిరునామా ఒకటే కాబట్టి కంపెనీ ఒకటే" అనుకున్న సాఫ్ట్‌వేర్ ఆ గదిలో ఉన్నవాళ్లందరినీ ఒకే కుటుంబంగా ముడేస్తుంది.

జర్మనీ కార్ల పరిశ్రమలో మొదలైన కటీనా-ఎక్స్ అనే ఉమ్మడి సమాచార వ్యవస్థ ఈ చిక్కును సూటిగా ఎదుర్కొంది. అక్కడ చట్టం దృష్టిలో సంస్థకు ఒక సంఖ్య, ఆ సంస్థ పని జరిగే స్థలానికి ఇంకో సంఖ్య, ఉత్తరం చేరే చిరునామాకు మరో సంఖ్య ఇస్తారు. మనిషి వేరు, మనిషి పనిచేసే చోటు వేరు, గుమ్మం మీద నంబరు వేరు. చెప్పుకోవడానికి ఎంతో మామూలు విషయం. కానీ ఈ మూడింటినీ ఒకే వరసలో కుక్కిన జాబితాలే ఎక్కడ చూసినా కనిపిస్తాయి.

ఇక ఉమ్మడి అన్న మాట దగ్గరికి వద్దాం. తప్పులు ఇక్కడే బలం పుంజుకుంటాయి. ఒక డైరెక్టరీ ఇంకో డైరెక్టరీ నుంచి పద్దును తెచ్చుకుంటుంది. దాన్ని మూడోది తెచ్చుకుంటుంది. ఏడాది తర్వాత మొదటిది "మూడో చోట కూడా ఇలాగే ఉంది కదా" అని తన పద్దుకు నమ్మకం పెంచుకుంటుంది. ఒక్కరు అన్న మాట ఊరంతా తిరిగి అన్నవాళ్ల చెవికే చేరితే నిజమని అనిపించినట్టు. ముగ్గురు సాక్షులున్నారంటే ముగ్గురూ విడివిడిగా కళ్లతో చూసి ఉండాలి. ఒకరి దగ్గర విని చెప్పిన ఇద్దర్ని కలుపుకుంటే అక్కడున్నది ఒక్క సాక్షే. అందుకే ప్రతి పద్దు పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు చెప్పారు, ఏ రోజు అన్నవి రాసి తీరాలి. సింగపూర్‌లో వెనకటికి ఏటేటా అచ్చయ్యే స్ట్రెయిట్స్ డైరెక్టరీలో తప్పులున్నా అట్ట మీద సంవత్సరం ఉండేది. చదివేవాడికి పద్దు వయసు తెలిసేది. ఇప్పటి తెర మీద పదేళ్ల నాటి పద్దూ నిన్నటి పద్దూ ఒకే తెల్లదనంతో మెరుస్తున్నాయి.

ఇది ఆఫీసుల్లో గుమస్తాల తలనొప్పి మాత్రమే కాదని 2008 సెప్టెంబరు 15న ప్రపంచానికి తెలిసింది. అమెరికా పెట్టుబడుల బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలిన ఆ రోజున ఎవరికి లేమన్ నుంచి ఎంత రావాలో, ఎవరి మీద ఎంత భారం పడుతుందో త్వరగా తేల్చలేకపోయారు. ఆ సంస్థకు ఎన్నో పిల్ల కంపెనీలు, ఒక్కో బ్యాంకు కంప్యూటర్లో ఒక్కో పేరు, ఒక్కో కోడ్. అన్నిటినీ కలిపి చూసే ఒకే గుర్తు లేదు. సింగపూర్‌లో లేమన్‌తో ముడిపడిన మినీబాండ్లు కొని పొదుపు పోగొట్టుకున్న జనం రాఫెల్స్ ప్లేస్‌కు దగ్గర్లోనే ఉన్న హాంగ్ లిమ్ పార్కులో గుమిగూడారు. వాళ్ల నష్టానికి కారణాలు వేరే ఉన్నాయి, కోడ్‌లు సరిగ్గా ఉంటే బాండ్లు బతికేవని నేను అనను. కానీ ఎవరెవరో తెలియని గందరగోళం ఆ సంక్షోభాన్ని పెంచిందన్నది మాత్రం నిజం.

దాని నుంచి పుట్టిందే ఎల్ఈఐ, ఇరవై అక్షరాల ప్రపంచ గుర్తింపు సంఖ్య. జీ20 దేశాల పూనికతో, 2014 జూన్‌లో ఏర్పడిన గ్లీఫ్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని పర్యవేక్షిస్తుంది. మన దేశంలో రిజర్వు బ్యాంకు 2021 ఏప్రిల్ 1 నుంచి సంస్థలు 50 కోట్ల రూపాయలు, ఆపైన ఆర్టీజీఎస్, నెఫ్ట్ ద్వారా పంపాలంటే ఇది ఉండాలంది. ఎల్ఈఐలో నాకు నచ్చేవి కొన్ని ఉన్నాయి. చట్టబద్ధ చిరునామా, ప్రధాన కార్యాలయం చిరునామా వేర్వేరు గడుల్లో ఉంటాయి. ఏటా పునరుద్ధరించకపోతే పద్దు మీద గడువు తీరినట్టు ముద్ర పడుతుంది, దాని వయసు దాచరు. వివరాలు అధికారిక నమోదుతో సరిపోల్చినవా, ఆ సంస్థ సొంతంగా చెప్పుకున్నవా అన్నది కూడా పద్దులోనే రాసి ఉంటుంది. వీటన్నిటికన్నా విలువైనది ఇంకొకటి. ఏ పద్దు తప్పని అనిపించినా ప్రపంచంలో ఎవరైనా పైసా కట్టకుండా అభ్యంతరం తెలపొచ్చు. ఆ సంఖ్యను నిర్వహించే సంస్థ దాన్ని పరిశీలించి తీరాలి.

నేను చూసిన డైరెక్టరీల్లో చాలావాటికి లేనిది ఈ దారే. ఏ కంపెనీ ఖాళీ చేసిందో, ఏది పై అంతస్తుకు మారిందో భవనం కింద కూర్చునే రిసెప్షన్ వాళ్లకు తెలుసు. పార్శిల్ తెచ్చి వెనక్కి పట్టుకుపోయే కొరియర్ కుర్రాడికి తెలుసు. తప్పును మొదట చూసేది వాళ్లే. దిద్దే అధికారం మాత్రం ఎక్కడో వేరే దేశంలో, ఆ భవనాన్ని ఎన్నడూ చూడని మనిషి దగ్గరుంటుంది. ఈ ఇద్దరి మధ్య తీగ లేనప్పుడు ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా డబ్బు వృథా అని నేను నమ్ముతాను.

నా వరస దగ్గరికి తిరిగి వస్తాను. ఎనిమిదంకెల ఫోన్ నంబరు 6తో మొదలైంది. సింగపూర్ ల్యాండ్‌లైన్లు అలాగే ఉంటాయి. హైదరాబాద్ ల్యాండ్‌లైన్లకూ ఎనిమిదంకెలే కాబట్టి అది ఒక్కటే సరిపోదు. "రాఫెల్స్" అన్న సగం మాట, ఐదంకెల కోడ్ ముందు సున్నా చేరిస్తే తేలిన భవనం, ఈ ఫోన్ నంబరు, మూడూ ఒకే వైపు చూపించాయి. మూడూ ఒకదాని నుంచి ఇంకొకటి పుట్టినవి కావు. కోడ్ గడిని టెక్స్ట్‌గా మార్చి 048616 అని సరిచేశాను. దేశం గడిలో సింగపూర్ అని రాయబోయి, ఎందుకో మనసొప్పక ఫోన్ చేశాను.

ఫోన్ తీసిన అమ్మాయి కంపెనీ పేరు చెప్పింది. సింగపూరేనా అంటే అవునంది. వన్ రాఫెల్స్ ప్లేసే కదా అని అడిగాను.

"అక్కడ ఉండేవాళ్లం. ఖాళీ చేసి రెండేళ్లవుతోంది" అంది. అప్పటి నుంచీ తమకు రావాల్సిన ఉత్తరాల కోసం పాత భవనానికి మనిషిని పంపుతూనే ఉన్నారట. కొత్త చిరునామా చెప్పమని అడిగాను. అంకె అంకెగా విడివిడిగా చెప్పమని, రాసుకున్నది తిరిగి ఆమెకే చదివి వినిపించాను. ఆమె చెప్పిన కోడ్ కూడా సున్నాతోనే మొదలైంది. పక్క గడిలో ఆ రోజు తేదీ వేసి, ఫోన్‌లో కంపెనీవాళ్లే చెప్పారని రాసి, తర్వాతి వరసకు వెళ్లాను.